అమృత్‌సర్‌లో దిగిన విమానాన్ని మనం ఎందుకు ఆపలేకపోయాం?

ప్రశ్న: ఒంగోలు నుంచి ఒక అధ్యాపకుడు

నేను ఒంగోలులో డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధిస్తాను. పోయిన వారం మూడో సంవత్సరం తరగతిలో మన విదేశాంగ విధానం గురించి చెబుతూ, 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీకి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ 814 విమానం హైజాక్ సంగతి ఎత్తాను. ఐదుగురు సాయుధులు ఆ విమానాన్ని చేజిక్కించుకుని అమృత్‌సర్, లాహోర్, దుబాయ్ మీదుగా, అప్పట్లో తాలిబన్ల ఏలుబడిలో ఉన్న అఫ్గానిస్థాన్‌లోని కాందహార్‌కు తీసుకువెళ్లారనీ, మసూద్ అజర్, అహ్మద్ ఒమర్ సయీద్ షేక్, ముస్తాక్ అహ్మద్ జర్గర్ అనే ముగ్గురు ఉగ్రవాదులను మన జైళ్ల నుంచి వదిలిపెట్టి డిసెంబరు 31న ప్రయాణికులను విడిపించుకున్నామనీ చెప్పాను. తరగతిలో ఉన్నవారెవరూ అప్పటికి పుట్టలేదు. వారికి అది పానిపట్టు యుద్ధమంత పాత కథ.

చీమకుర్తి నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం లేచి నిలబడి, "కాందహార్ సరే సార్, అది పరాయి నేల. అంతకుముందు మన అమృత్‌సర్‌లోనే దిగింది కదా, అక్కడినుంచి దాన్ని ఎందుకు పోనిచ్చాం?" అని అడిగింది. ఇంధనం లేదు గనుక దిగిందనీ, సుమారు 48 నిమిషాలు నిలిచిందనీ, కమాండోలు చేరేలోగా ఇంధనం నింపుకోకుండానే ఎగిరిపోయిందనీ చెప్పాను. ఆమె కూర్చుంది గానీ తృప్తి పడలేదని ముఖం చూస్తేనే తెలిసింది. నిజానికి నాకూ తృప్తి లేదు.

ఎందుకంటే అదే అమృత్‌సర్‌లో, అంతకు ఆరేళ్ల ముందు, 1993 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఐసీ 427 విమానాన్ని ఒక వ్యక్తి హైజాక్ చేస్తే, జాతీయ భద్రతా దళం అర్ధరాత్రి దాటాక లోపలికి చొరబడి అతణ్ని హతమార్చి 141 మందినీ క్షేమంగా బయటికి తెచ్చింది. అదే విమానాశ్రయం, అదే దళం. మరి రెండోసారి ఎక్కడ తేడా వచ్చింది? విమానాశ్రయాల్లో పనిచేసినవారు, పరిపాలనలో ఉన్నవారు, చట్టం తెలిసినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి. వచ్చే సోమవారం ఆ అమ్మాయికి నేను సమాధానం చెప్పాలి.

జవాబు: నెల్లూరు, వేదాయపాళెం నుంచి

మాస్టారూ, నేను చెన్నై విమానాశ్రయంలో రన్‌వే వైపు పనుల్లో ఇరవై రెండేళ్లు చేసి మూడేళ్ల కిందట ఇంటికి వచ్చాను. అమృత్‌సర్‌లో నేను లేను. కానీ ఆ రాత్రి కథలో ఇంధనం బండి ఒకటి ఉంది. ఆ బండి గురించి మాత్రం నాకు బాగా తెలుసు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

మేము దాన్ని బౌజర్ అంటాం. విమానం దగ్గరికి బౌజర్ వచ్చే తీరు ఒకటి ఉంటుంది. దూరంలో ఎంత వేగంగా వచ్చినా, విమానానికి చేరువయ్యేసరికి మనిషి నడిచే వేగానికి తగ్గిపోతుంది. రెక్క పక్కగా వచ్చి ఆగుతుంది. దిగినవాడు ముందుగా బాండింగ్ తీగను విమానానికి తగిలిస్తాడు, అంటే నిప్పురవ్వ పుట్టకుండా చూసుకుంటాడు. ఆ తర్వాతే రెక్క కింద మూత విప్పి గొట్టం బిగిస్తాడు. కాక్‌పిట్‌లో కూర్చున్నవారు ఇదంతా రోజూ చూస్తారు. ఆ రోజు అమృత్‌సర్‌లో బౌజర్‌ను ఇంధనం నింపడానికి కాక విమానానికి అడ్డంగా నిలపడానికి పంపారు. అది విమానం వైపు వేగంగా వచ్చింది, ఆపమని ఆదేశం రావడంతో ఉన్నట్టుండి ఆగిపోయింది. వేగంగా వచ్చి మధ్యలో ఆగే బౌజర్‌ను నా సర్వీసులో నేను ఎన్నడూ చూడలేదు. లోపలున్న హైజాకర్లకూ అది మామూలు బండి కాదని అర్థమైపోయింది. వెంటనే విమానం లేపమని కెప్టెన్ దేవీ శరణ్‌ను బెదిరించారు. విమానం ఆ బండిని కొద్దిలో తప్పించుకుని పైకి లేచింది.

ఇక 1993తో తేడా ఏమిటంటే, నా దృష్టిలో అది ఒక్కటే, సమయం. అప్పుడు లాహోర్ వారు దిగనివ్వలేదు, విమానం వెనక్కి వచ్చి అమృత్‌సర్‌లో గంటల తరబడి ఉండిపోయింది. దళం ఢిల్లీ నుంచి వచ్చి, చీకట్లో విమానం చుట్టూ సర్దుకుని, తన పని చేసింది. 1999లో దళానికి ఆ గంటలు దక్కలేదు. కమాండోలు లోపలికి దూకడం ఆ సాయంత్రం చేయవలసిన పని కానే కాదు. వారు వచ్చేదాకా విమానం చక్రం కదలకుండా చూడటమే ఆ సాయంత్రపు పని. చక్రాల గాలి తీయవచ్చు, రన్‌వే మీద రెండు అగ్నిమాపక వాహనాలు నిలపవచ్చు. అవేవీ గొప్ప విద్యలు కావు, ప్రతి విమానాశ్రయంలో ఉన్న సరంజామాతో అయ్యేవే. అయితే అవి విమానం ఆగిన మొదటి పది నిమిషాల్లోనే జరిగిపోవాలి. ఆ తర్వాత ప్రతి కదలికా లోపలివారి కంట పడుతుంది.

ఇంకొక్క విషయం. మన 16వ నంబరు జాతీయ రహదారి మీద కొరిశపాడు దగ్గర అత్యవసర రన్‌వే కట్టారు కదా, 2022 డిసెంబరులో వాయుసేన అక్కడ విన్యాసాలు చేసినప్పుడు మా మనవడిని తీసుకుని చూడటానికి వెళ్లాను. నాకు అక్కడ లాహోర్ గుర్తుకొచ్చింది. అమృత్‌సర్ నుంచి లేచిన ఐసీ 814కు లాహోర్‌లో మొదట అనుమతి ఇవ్వలేదు, రన్‌వే దీపాలు ఆర్పేశారు. ఇంధనం అడుగంటుతున్న ఆ స్థితిలో కెప్టెన్ చీకట్లో వెలుగుతున్న ఒక రోడ్డును రన్‌వే అనుకుని దిగబోయి, చివరి క్షణంలో గుర్తించి పైకి లేపాడు. కొరిశపాడు రోడ్డు విమానం కోసం కొలిచి కట్టినది, పక్కన స్తంభాలు లేవు, మధ్యలో విభాగిని లేదు. లాహోర్ రోడ్డు మీద మనుషులు, బండ్లు ఉన్నాయి. 180 మందికి పైగా ఉన్న ఎయిర్‌బస్ దాని మీద దిగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే, అంత వయసు వచ్చినవాణ్ని, నాకు ఆ ఎండలో ఒళ్లు చల్లబడింది.

జవాబు: కావలి నుంచి

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేశాను. విమానాల సంగతి నాకు తెలియదు. వేదాయపాళెం పెద్దాయన "పది నిమిషాల్లో జరిగిపోవాలి" అన్నారు చూడండి, అక్కడే నా మనసు ఆగింది. ఆ పది నిమిషాల్లో "నిలపండి, బాధ్యత నాది" అనవలసింది ఎవరు?

ఆ సాయంత్రం ఢిల్లీలో క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన సంక్షోభ నిర్వహణ బృందం కూర్చుంది. అమృత్‌సర్‌లో విమానాశ్రయ అధికారులున్నారు, పంజాబ్ పోలీసులున్నారు, వారి దగ్గర ఆయుధాలూ ఉన్నాయి. అందరూ ఉన్నారు, అందరూ టెలిఫోన్లు పట్టుకుని ఉన్నారు. విమానం కదలకూడదన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. అయినా అది కదిలిపోయింది.

1989 నవంబరులో మా కావలి దగ్గర తీరం దాటిన పెనుతుఫాను ఈ తరం వారికి తెలియకపోవచ్చు. అప్పటికి నేను కొత్తగా చేరిన గుమాస్తాను. ముందు రోజు సాయంత్రం తుమ్మలపెంట వైపు పట్టపు పాళేల నుంచి జనాన్ని తరలించాలి. లారీలు కావాలి. ప్రైవేటు లారీలను స్వాధీనం చేసుకోవాలంటే పైనుంచి కాగితం రావాలని కార్యాలయంలో ఒకరు అన్నారు. టెలిఫోను ఎత్తితే చప్పుడు లేదు. మా అధికారి ఒక తెల్ల కాగితం తీసుకుని తానే నాలుగు వాక్యాలు రాసి, సంతకం చేసి, కింద సమయం వేశారు. "సాయంత్రం 4.20" అని. ఆ కాగితం నా చేతికిచ్చి, జాతీయ రహదారి మీద నిలబడి వచ్చిన లారీనల్లా ఆపి తుమ్మలపెంట దారి పట్టించమన్నారు. వానలో ఆ కాగితం తడిసి నా చేతిలోనే మెత్తబడిపోయింది. ఏ లారీ డ్రైవరూ దాన్ని చదవలేదు. కానీ మా అధికారి సంతకం చేసి ఇచ్చిన కాగితమని నాకు తెలుసు గనుక నా గొంతులో తడబాటు లేదు, నా గొంతు విని వారు ఆగారు. తుఫాను తగ్గాక ఆయన మీద సంజాయిషీ నోటీసు వచ్చింది, అది వేరే సంగతి.

అమృత్‌సర్‌లో లోపించింది ఆ 4.20 సంతకం అని నా గట్టి నమ్మకం. బౌజర్ నడిపినవాడిని తప్పుపట్టలేం. వేగంగా పొమ్మన్నారు, పోయాడు, ఆగమన్నారు, ఆగాడు. ఒకే మనిషి ఆ రెండు మాటలూ చెప్పి ఉంటే అవి ఒకదానికొకటి అడ్డుపడేవి కావు. మాస్టారూ, మీ విద్యార్థినికి ఈ మాట చెప్పండి. ఆ రోజు అమృత్‌సర్‌లో ధైర్యవంతులకు కొదవ లేదు, తుపాకులకూ కొదవ లేదు. నిర్ణయం ఎవరిదో ముందుగా రాసిపెట్టి ఉంచలేదు.

జవాబు: కందుకూరు నుంచి

పెద్దలిద్దరికీ నమస్కారం. నేను పదకొండేళ్లు కువైట్‌లో నర్సుగా పనిచేసి వచ్చాను. ఏడాదికో రెండేళ్లకో నెల్లూరులో రైలెక్కి చెన్నై వెళ్లి విమానం ఎక్కేదాన్ని. మీరు రాసినదంతా బయట నిలబడి విమానాన్ని చూస్తున్నవారి మాట. నేను లోపల సీటులో కూర్చున్నదాన్ని గనుక, లోపలివైపు నుంచి రెండు మాటలు రాయాలనిపించింది.

విమానాన్ని కదలకుండా చేస్తే చాలు, మిగతాది కమాండోలు చూసుకుంటారన్నట్టు రాశారు. 1986 సెప్టెంబరు 5న కరాచీలో సరిగ్గా అదే జరిగింది. ముంబయి నుంచి వచ్చి అక్కడ ఆగిన పాన్ యామ్ 73 విమానంలోకి నలుగురు సాయుధులు చొరబడితే, సిబ్బంది ఇచ్చిన సంకేతం అందుకుని పైలట్లు కాక్‌పిట్ పైకప్పులోని తలుపు గుండా బయటపడ్డారు. నడిపేవారు లేరు గనుక విమానం ఇక ఎక్కడికీ పోలేదు. మీరు కోరుకున్నట్టే నిలిచిపోయింది. సుమారు 16 గంటలు అలాగే నిలిచింది. చివరికి విమానానికి కరెంటు ఇచ్చే చిన్న ఇంజను ఆగిపోయి, దీపాలు ఆరిపోయి, ఆ చీకట్లో హైజాకర్లు దాడి జరుగుతోందనుకుని ప్రయాణికుల మీద కాల్పులు జరిపారు, గ్రెనేడ్లు విసిరారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. అత్యవసర తలుపు తెరిచి ప్రయాణికులను బయటికి పంపుతూ, పిల్లలను కాపాడుతూ నీరజా భనోత్ తూటాలకు బలైంది. ఆమెకు అప్పటికి 22 ఏళ్లు, ఇంకో రెండు రోజుల్లో 23 నిండవలసినది. ప్రభుత్వం తర్వాత అశోకచక్ర ఇచ్చింది.

అందుకే "ఆపి ఉండవలసింది" అన్న మాట అంత తేలికగా నా నోట రాదు. అమృత్‌సర్‌లో విమానం నిలిచి ఉన్న ఆ సమయంలోనే లోపల కత్తులతో పొడవడం మొదలైంది. రూపిన్ కత్యాల్ అనే ఆ యువకుడు కత్తిపోట్లతో చనిపోయాడు. అతని శవాన్ని దుబాయ్ దగ్గరి సైనిక స్థావరంలో దించారు, అక్కడే పాతిక మందికి పైగా ప్రయాణికులను కూడా వదిలారు. పెళ్లయి నెల కూడా నిండని అతని భార్య అదే విమానంలో, వేరే సీటులో ఉంది. కాందహార్‌లో ఉన్నన్ని రోజులూ భర్త బతికే ఉన్నాడనే ఆమె అనుకుంది. ఢిల్లీ చేరిన తర్వాతే ఆమెకు తెలిసింది. నేను ఆసుపత్రిలో పనిచేసినదాన్ని, చావు కబురు చెప్పవలసిన మనిషి తలుపు దగ్గర ఎలా నిలబడిపోతాడో ఎన్నోసార్లు చూశాను. ఆ కబురు ఆమెకు చెప్పిన వారి స్థితి నాకు కళ్లకు కడుతుంది.

కిటికీల తెరలన్నీ దించేసి, బయట పగలో రాత్రో తెలియకుండా, పొంగిపొర్లే మరుగుదొడ్ల కంపులో దాదాపు ఎనిమిది రోజులు కూర్చున్నవారిని అడిగితే, అమృత్‌సర్‌లో ప్రాణాలకు తెగించి దాడి చేసి ఉండవలసిందని కొందరంటారు, వద్దని కొందరంటారు. వారిలో ఎవరి మాటనూ నేను కాదనలేను. ఒక్కటి మాత్రం అడుగుతాను. నిర్ణయం రాసిపెట్టేటప్పుడు, లోపలున్నవారిలో ఎంతమంది చనిపోయినా ఫరవాలేదని కూడా రాసిపెట్టాలి కదా. ఆ అంకె ఎవరు వేస్తారు?

జవాబు: ఒంగోలు నుంచి ఒక న్యాయవాది

చట్టం సంగతి అడిగారు గనుక క్లుప్తంగా రాస్తాను. ఐసీ 814 నాటికి ఉన్నది 1982 హైజాకింగ్ నిరోధక చట్టం. దాని స్థానంలో 2016లో కొత్త చట్టం వచ్చి 2017 జులై నుంచి అమల్లో ఉంది. హైజాక్ వల్ల బందీ గానీ భద్రతా సిబ్బంది గానీ మరణిస్తే మరణశిక్ష లేదా బతికినంతకాలం జైలు విధించవచ్చు, మిగిలిన సందర్భాల్లో జీవిత ఖైదు. హైజాక్ చేస్తామని నమ్మదగిన బెదిరింపు చేయడం కూడా నేరమే. ప్రయాణానికి ముందు సిబ్బంది విమానాన్ని సిద్ధం చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి, దిగిన తర్వాత 24 గంటల దాకా ఆ విమానం సేవలో ఉన్నట్టే లెక్క. సాంకేతిక సాధనాల ద్వారా బయటినుంచి విమానాన్ని స్వాధీనం చేసుకున్నా అది హైజాకే. అయితే చావుకు సిద్ధపడి వచ్చినవాడికి మరణశిక్ష భయం ఎంతవరకు అడ్డుపడుతుందో నాకు సందేహమే. ఐసీ 814 లోపలున్న ఐదుగురిలో ఒక్కరు కూడా మన న్యాయస్థానం ముందు నిలబడలేదు. కుట్రకు సహకరించారన్న ఆరోపణపై విచారణ జరిగింది వేరేవారి మీద.

ఇక కావలి పెద్దాయన అడిగిన సంతకం విషయం. 2005లో కేంద్ర ప్రభుత్వం హైజాక్ నిరోధక విధానం ఒకటి ఆమోదించింది. 2001లో హైజాక్ చేసిన విమానాలతో న్యూయార్క్‌పై జరిగిన దాడి తర్వాత వచ్చినది గనుక, విమానాన్నే ఆయుధంగా మార్చి జనావాసం మీదికో కీలక భవనం మీదికో తెస్తున్నప్పుడు దాన్ని కూల్చివేసే అధికారం అందులో ఉంది. భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం సమావేశమయ్యే వ్యవధి లేకపోతే ప్రధాని, రక్షణ మంత్రి, హోం మంత్రి, ఈ ముగ్గురిలో ఎవరు ముందు అందుబాటులోకి వస్తే వారు నిర్ణయం తీసుకోవచ్చు. అంటే 1999 పాఠం కాగితం మీదికి వచ్చింది. కందుకూరు సోదరి అడిగిన అంకె ప్రశ్న కూడా అందులోనే దాగి ఉంది. ఆ ముగ్గురిలో ఒకరు ఏదో ఒకనాడు దానికి జవాబు చెప్పవలసి రావచ్చు.

విమానాశ్రయాల కాపలా కూడా అప్పుడే మారింది. అంతకుముందు ఎక్కడికక్కడ రాష్ట్ర పోలీసులు చూసేవారు. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగించారు. మనం ఇవాళ రేణిగుంటలో, చెన్నైలో నీళ్ల సీసా పడేసి, బెల్టు విప్పి నిలబడేది వారి ముందే.

మళ్లీ ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం దాకా ఆగలేక ఈ జవాబులను అచ్చు తీసి ఆ అమ్మాయికి ఇచ్చాను. నిన్న వచ్చి ఇంకొకటి అడిగింది. "హైజాకర్లు మొదట 36 మంది ఖైదీలను వదలమన్నారు, 20 కోట్ల డాలర్లు, మన దేశంలో పాతిపెట్టిన ఒక ఉగ్రవాది శవం కూడా అడిగారు, చివరికి ముగ్గురితో ఒప్పుకున్నారు. బేరం అంత దిగిందంటే ఇంకా దిగేది కాదా సార్?" అని. శవమూ డబ్బూ అడగడం మత సమ్మతం కాదని తాలిబన్లే వాటిని వదిలింపజేశారనీ, ముగ్గురి పేర్ల దగ్గర మాత్రం హైజాకర్లు పట్టు వీడలేదనీ చెప్పాను. మసూద్ అజర్ మరుసటి ఏడాదే జైషే మహమ్మద్ స్థాపించాడన్నది ఆమెకు ముందే తెలుసు. వేదాయపాళెం వారు, కావలి వారు కందుకూరు సోదరి ప్రశ్నకు ఏమంటారో చూడాలని ఉంది.

జవాబు: కావలి నుంచి

అమ్మా, మీరు కరాచీ గురించి రాసింది రెండు రోజులుగా నా మనసులో తిరుగుతూనే ఉంది. విమానాన్ని ఆపితే చాలునన్నట్టు నేను రాయడం తప్పే. ఆపిన తర్వాత లోపలివారికి ఏమవుతుందన్నది నేను ఆలోచించలేదు, ఎందుకంటే తుఫానుకు చేతిలో కత్తి ఉండదు, మనం లారీ ఆపామని కోపగించి ఎవరినీ పొడవదు.

అయినా ఒక మాట వెనక్కి తీసుకోలేకపోతున్నాను. ఆ 48 నిమిషాల్లో దాడి చేద్దామని గానీ, చేయవద్దని గానీ, బేరమాడదామని గానీ ఎవరో ఒకరు తేల్చి ఉంటే, అది తప్పు నిర్ణయమే అయినా, బౌజర్ అలా సగం దారిలో ఆగేది కాదు. మా అధికారికి ఆ సాయంత్రం ఎంతమంది మునుగుతారో తెలియదు. ఎవరూ మునగకపోతే లారీల యజమానులు తన మీద కేసులు వేస్తారని మాత్రం తెలుసు. మీరడిగిన అంకె ఎవరు వేస్తారన్న దానికి నా దగ్గర జవాబు లేదమ్మా. మాస్టారూ, ఆ అమ్మాయి ఎప్పుడైనా కావలి వైపు వస్తే మా ఇంటికి పంపండి. ఆ తడిసిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, సంతకం చెరిగిపోయింది గానీ 4.20 కనిపిస్తుంది.